చుట్టాల బిందె

"కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. కరెంటు బిల్లు కట్టే చోట అంటారు, బస్సు టికెట్లిచ్చే కిటికీ దగ్గర అంటారు, పింఛను కోసం వచ్చిన ముసలమ్మను వెనక్కి పంపేటప్పుడు మరీ గట్టిగా అంటారు. ఆ తెరను మనవైపు తిప్పి చూపించమంటే మాత్రం మొహం చిట్లిస్తారు. లోపల ఏముందో వాళ్లకే తెలియాలి. మనం తీర్థం కోసం చెయ్యి చాపినట్టు నిలబడాలి.

ఇలా అంటున్నానని నన్ను యంత్రాలంటే గిట్టని మనిషి కింద జమ కట్టకండి. మర్రిగూడ దిక్కున నాకున్నంత యంత్రాల పిచ్చి ఇంకొకరికి లేదని మా నాయిన నలుగురిలో తిట్టేవాడు. ఎనభైల మొదట్లో, ఊళ్లో గోడ గడియారమున్న ఇళ్లే అరుదుగా ఉన్నప్పుడు, నేను హైదరాబాద్ పోయేవాళ్లను బతిమాలి డిజిటల్ వాచీ తెప్పించుకున్నాను. మీట నొక్కితే చిన్న లైటు వెలిగేది. ఎవరూ అడక్కపోయినా టైము చెప్పేవాణ్ని. "పొద్దు నెత్తిమీదికొచ్చిందని మాకెరుక లేదా? నీ డబ్బ జెప్పాల్నా?" అని నాయిన కసిరేవాడు. ఆ తర్వాత కాలిక్యులేటర్ వచ్చింది, చెవులకు పెట్టుకుని పాటలు వినే టేపు వచ్చింది. వాటిని విప్పి మళ్లీ బిగించేదాకా నాకు అన్నం సయించేది కాదు. బిగించాక ఒకటో రెండో మరలు ఎప్పుడూ మిగిలిపోయేవి.

ఈ పిచ్చి చూసి నాయిన నన్ను నల్లగొండలో పానగల్లు పోయే రోడ్డు మీద ఉన్న ఒక రేడియో రిపేరు దుకాణంలో పనికి పెట్టాడు. ఆ ఉస్తాద్ వయసు మళ్లిన ముస్లిం పెద్దమనిషి. ఎవరైనా రేడియో మోగడం లేదని తెస్తే ఆయన వెంటనే పానా అందుకునేవాడు కాదు. "ముందుగాల సెల్లు జూడు, తీగ జూడు. మిషన్ల ఏం పోస్తున్నమో జూడకుంట మిషన్ ఇప్పితె ఏం ఫాయిదా బేటా?" అనేవాడు. నిజంగానే సగం రేడియోలకు ఏ రోగమూ ఉండేది కాదు. సెల్లు తిరగేసి పెట్టి ఉండేవాళ్లు. నేను రెండేళ్లు ఆ మాట వింటూ తలూపాను. అవసరమైన రోజున మాత్రం అది గుర్తుకు రాలేదు.

మా ఊరికి మొదటి టీవీ వచ్చినప్పుడు దాని ఏంటెన్నా తిప్పే ఉద్యోగం నాదే. పెంకుటింటి మీద నిలబడి "కనవడుతాందా?" అని నేనరిస్తే, కిందినుంచి "చీమలు కనవడుతున్నయ్, ఇంకింత తిప్పు!" అని జవాబొచ్చేది. ఒకసారి బొమ్మ కుదిరాక దిగివచ్చి చూస్తే తెరమీద ఎవరో పెద్దాయన ఉపగ్రహాల గురించీ, రాబోయే శతాబ్దం గురించీ చెబుతున్నాడు. ముందు కూర్చుని నోరు తెరిచి చూస్తున్న మావాళ్ల పళ్ల మీద ఆ వెలుగు పడి గోధుమరంగు చారలు స్పష్టంగా కనిపించాయి. ఆకాశంలోంచి బొమ్మను మా ఇంటికప్పు మీదికి దించగలిగారు. మా ఊరికి ఒక నీళ్ల పైపు మాత్రం వెయ్యలేకపోయారు. నాకు కడుపు మండటం మొదలైంది ఆ రోజే.

మా నీళ్ల సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఊరి నడుమ బోరింగు ఉండేది, చేత్తో కొట్టే పంపు. దాని నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి. చిన్నప్పటినుంచీ అవే తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, నలభై దాటేసరికి మెడ బిగుసుకుపోతుంది. వెనకనుంచి పిలిస్తే మావాళ్లు తల తిప్పరు, ఒళ్లంతా తిప్పుతారు. ఫ్లోరైడు అనే పేరు డాక్టర్లు చెప్పేదాకా దాన్ని కర్మ అనుకున్నాం. ఆ పేరు తెలిశాక కూడా ఆ నీళ్లే తాగాం.

అయితే మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక బిందె వేరుగా ఉండేది. ఇత్తడిది, తోమి తోమి మెరిసేది, దానిమీద మూత, మూతమీద చెంబు. దాన్ని చుట్టాల బిందె అనేవాళ్లం. రెండు మైళ్ల అవతల పక్క ఊరి కుంట కింద ఒక చేదబావి ఉంది. వానలు బాగా పడిన ఏడు దాని నీళ్లు తియ్యగా ఉండేవి. ఆడవాళ్లు తెల్లవారకముందే పోయి ఆ నీళ్లు మోసుకొచ్చి ఆ బిందెలో పోసేవాళ్లు. ఇంట్లోవాళ్లు వాటిని తాగకూడదు. బయటి ఊరినుంచి ఎవరైనా గడపలో కాలు పెడితే ఇవ్వడానికే. దీనికి మర్యాద ఒక్కటే కారణం కాదు. ఆ ఊరి నీళ్లు తాగితే కాళ్లు వంకరపోతాయని పేరు పడితే మా ఊరికి పిల్లనెవరిస్తారు, మా పిల్లనెవరు చేసుకుంటారు? వచ్చినవాడి నాలుకకు మా నీళ్ల రుచి తగలకూడదు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరూ చేసేవాళ్లు. చిన్నప్పుడు దాహానికి ఆ మూత తీసినందుకు మా అమ్మ నా వీపు చిట్లగొట్టింది.

తొంభైల నడుమ మా జిల్లావాళ్లు నీళ్ల కోసం ఒక పని చేశారు. పార్లమెంటు ఎన్నికల్లో వందల మంది నామినేషన్లు వేసి కూర్చున్నారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యింది, ఎన్నికే వాయిదా పడింది. దేశమంతా పేపర్లలో మా గురించి రాసింది. కొందరు తమాషాగా నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ పేపరు చేతిలో పట్టుకుంటే ఛాతీ ఉప్పొంగింది. ఇన్నాళ్లకు నోరు విప్పాం కదా, ఇక నీళ్లు వస్తాయి అనుకున్నాను.

అప్పటికి నేను రేడియోలు వదిలి కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆ రోజుల్లో నల్లగొండలో కంప్యూటర్ నేర్పే చోట చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. లోపల చల్లటి గాలి, మానిటర్‌కు గుడ్డ తొడుగు, దసరాకు దానికి పసుపు కుంకుమ. దుమ్ము పడుతుందని చెప్పులు విడవమనేవాళ్లు. కానీ చెప్పులు విడిచి ఎక్కడికి పోయినా మనిషికి చేతులు వాటంతటవే జతకూడతాయి. నల్లటి తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగితే నేను నిజంగానే భక్తితో చూసేవాణ్ని. అబద్ధమాడే మనుషుల నడుమ అబద్ధమాడని వస్తువు ఒకటి దొరికిందనుకున్నాను.

ఆ చదువుతో ఒక సర్కారు ఆఫీసులో తాత్కాలికంగా కంప్యూటర్ పనికి చేరాను. నీళ్ల పరీక్షల కార్డులు ఊరూరి నుంచీ కట్టలుకట్టలుగా వచ్చేవి. ఒక్కో కార్డు మీద ఊరి పేరు, నీళ్లు ఎక్కడివి, ఫ్లోరైడు ఎంత అని ఉండేది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఏ ఊరికి ముందు నల్లా నీళ్లు ఇవ్వాలో ఈసారి కంప్యూటరే తేలుస్తుందని మా సారు గొప్పగా చెప్పాడు. నాయకుల సిఫారసు లేదు, కులం లేదు, పైరవీ లేదు. నేను పొంగిపోయాను. నా ఉత్సాహం ఎంతంటే, శాంపిల్ సీసాలు తీసుకురావడానికి మర్రిగూడ దిక్కు పోతున్న మనిషిని ఆపి, "మా ఊళ్లో ఎండకు తిరగకు అన్నా, మా ఇంట్లో దిగు, అన్నం తిని పో" అని మరీ చెప్పి పంపాను.

వానాకాలంలో మా ఊరి కార్డు నా చేతికొచ్చింది. ఊరి పేరు చూసి నవ్వుకున్నాను, తెరమీద మా ఊరి పేరు పడటం అదే మొదటిసారి. నీళ్లు ఎక్కడివి అన్నచోట బోరింగు అని రాసి ఉంది. ఎదురుగా ఫ్లోరైడు అంకె చూశాను. హద్దుకు బాగా లోపల ఉంది. అంటే నీళ్లు మంచివి.

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగలేదని అబద్ధం చెప్పను. కానీ ప్రయోగశాలలో పరీక్ష చేశారు, మిషన్ చెప్పింది, మిషన్‌కు మా ఊరి మీద పగ ఎందుకుంటుంది? పైగా ఇంకో పాడు ఆలోచన కూడా వచ్చింది. పోనీలే, మా ఊరికి మంచి పేరు వస్తుంది, పెళ్లిళ్లకు అడ్డం ఉండదు. అంకె కొట్టి ఎంటర్ నొక్కాను. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు అయ్యింది నా పని. పళ్ల మీద చారలున్నవాణ్ని, ఆ బోరింగు నీళ్లు తాగి పెరిగినవాణ్ని, నేనే కట్టేశాను.

మా అక్కను మా ఊళ్లోనే ఇచ్చారు. ఆమె కూతురు, నా మేనకోడలు, అప్పటికి నాలుగేళ్లది. ఆ చలికాలం అది నడుస్తూ నడుస్తూ ఊరికే కూర్చుండిపోవడం మొదలుపెట్టింది. నిలబెడితే మోకాళ్లు లోపలికి పోతున్నాయి. నల్లగొండ దవాఖానకు తెచ్చి చూపించాం. డాక్టరు మంచివాడు. పిల్లను నడిపించి చూసి, ఎక్స్‌రే ఫోటోలు తీయించి చూసి, అక్కను కూర్చోబెట్టి చెప్పాడు. "బొక్కలు ఇంకా లేతగున్నయమ్మా. ఇప్పుడే నీళ్లు మారిస్తే ఇంతటితో ఆగొచ్చు, కొంత సర్దుకోవచ్చు కూడా. రెండు మూడేళ్లు ఇట్లనే తాగితే మాత్రం నా చేతుల ఏం లేదు."

మందు రాసిమ్మంటే నీళ్లే మందన్నాడు. ఆ రోజునుంచీ మా ఇంట్లో చుట్టాల బిందె పిల్లదైంది. అక్క రోజూ చేదబావికి నడిచింది. కానీ శివరాత్రి దాటేసరికి ఆ బావి అడుగంటింది, ఆ ఊరివాళ్లే ఒకరి మీద ఒకరు పడి నీళ్లు తోడుకుంటున్నారు. పిల్లను నా దగ్గర నల్లగొండలో ఉంచుకుంటానన్నాను. "ఒంటిగాడివి, నీ బువ్వ నువ్వు వండుకునుడే ఎక్కువ. పసిపిల్లనెట్ల సాదుతవ్?" అంది అక్క. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "తమ్మీ, నువ్వు గా కంప్యూటర్ల ఊర్ల పేర్లు రాస్తవంట గదా. జర మన ఊరి పేరు ముందుగాల ఉండేటట్టు జూడు."

ఫికర్ చెయ్యకు అన్నాను. మా ఊరి పేరు రాసేసి ఆరు నెలలైందని చెప్పలేదు.

ఎండాకాలం మొదట్లో ఆఫీసు బోర్డు మీద జాబితా అంటించారు. మొదటి విడతలో నల్లా నీళ్లు వచ్చే ఊళ్లు. మాకు తూర్పున ఉన్న ఊరు ఉంది, పడమట ఉన్న ఊరు ఉంది, మాది లేదు. అభ్యంతరాలుంటే వారంలోగా చెప్పుకోవచ్చని కింద రాశారు. శనివారం ఈ లెక్కలన్నీ ఎక్కించిన ఫ్లాపీ హైదరాబాద్ పోతుంది. పోయిందంటే అయిపోయినట్టే.

నేను సారు గదిలోకి పోయాను. "సార్, మా ఊరి కార్డు తప్పు."

"కార్డులో ఉన్నదే కంప్యూటర్‌లో ఉందా?"

"ఉంది సార్. నేనే కొట్టాను."

"మరి తప్పెక్కడుందయ్యా? కంప్యూటర్ తప్పు చెప్పదు."

ఆ మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. మా ఊరికి రండి, ఎవరి పళ్లైనా చూడండి, ఎవరినైనా లేచి నిలబడమనండి అన్నాను. ఆయన విసుగ్గా నవ్వాడు. "పళ్లు చూసి పైపులు వేస్తారా? అలాగైతే ఈ కంప్యూటర్ ఎందుకు, నువ్వెందుకు?" ఆయన బల్ల మీద షాపులో కొన్న ప్లాస్టిక్ నీళ్ల సీసా ఉంది. నల్లగొండ నీళ్లు తనకు పడవని ఆయన వచ్చిన రోజునుంచీ అవే తాగేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

శాంపిల్ తెచ్చిన మనిషిని పట్టుకున్నాను. నువ్వు అసలు మా ఊరికి పోయావా, ఏ చెట్టు కిందో కూర్చుని సీసాలు నింపుకొచ్చావా అని కాలరు పట్టుకున్నంత పని చేశాను. ఆయన బిత్తరపోయాడు. "ఏందే గట్లంటవ్? నువ్వు జెప్పినట్టే మీ ఇంట్లనే దిగిన. మీ అమ్మ బువ్వ వెట్టింది. మీ ఇంట్లనే సీస నింపుకొచ్చిన."

 ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయాను. అమ్మ వాకిట్లో చేటలో కందులు చెరుగుతోంది, అక్క గోడకానుకుని పిల్ల కాళ్లకు నూనె రాస్తోంది. సీసాలో ఏ నీళ్లు పోశావని అడిగాను.

"ఏ నీళ్లేంది? సుట్టాల బిందెల నీళ్లు," అంది అమ్మ, అడగడమే తప్పన్నట్టు. "నీ దోస్తని జెప్పిండు. గంత ఎండల పడి వచ్చిండు. సీస నింపియ్యవ్వా అన్నడు. సర్కారు మనిషి సీసల గా బోరింగు నీళ్లు వోసి ఇత్తనా బిడ్డా? నల్లగొండల నలుగురు జూసే నీళ్లు. మన ఇజ్జత్ ఏం గావాలె?"

నేను అరిచాను. ఆ సీస ఏందో తెలుసా, దాన్ని బట్టే ఊరికి నీళ్లొచ్చేది అని గొంతు చించుకున్నాను. అమ్మ చేట దించింది. ఆమె మెడ తిరగదు, అందుకని మనిషంతా నావైపు తిరిగింది. "గట్లని ఆయిన జెప్పలేదు గద బిడ్డా," అంది. "నువ్వన్న జెప్పలేదు."

నిజమే, ఆయన చెప్పలేదు. శాంపిల్ బోరింగు దగ్గరే, తన చేత్తో కొట్టి పట్టాలని ఆయనకు తెలుసు. ఎండ, ఆకలి, నేను చెప్పిన ఇల్లు, నీడలో పెట్టిన మంచం. నాకు తెలియలేదా? ఉస్తాద్ దగ్గర రెండేళ్లు చదివిన పాఠం అదే. పెట్టెలోకి ఏం పోస్తున్నామో చూడమని. కానీ ఆ రోజు వాకిట్లో నిలబడి సారును తిట్టాను, ఆ మనిషిని తిట్టాను, సర్కారును తిట్టాను. ఆ అంకె కొట్టిన వేళ్లు నావేనని మాత్రం అక్కతో అనలేకపోయాను.

శుక్రవారం బోరింగు నీళ్లు ఒక సీసాలో పట్టుకొచ్చి సారు బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ఆ సీసాను వేలితో ముట్టకుండా కాగితంతో పక్కకు జరిపాడు. "ఇది మా మనిషి తెచ్చింది కాదు, దీనికి నంబరు లేదు. మీ అమ్మగారు ఏ బిందెలోంచి పోశారో నేను ఫైల్లో రాయనా? రెండో సర్వే వస్తుంది, అప్పుడు చూద్దాం. తీసెయ్యవయ్యా, ఫైళ్ల మీద ఒలికిపోతుంది."

ఎప్పుడొస్తుంది సార్ అంటే, వచ్చినప్పుడు వస్తుంది అన్నాడు.

శనివారం మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుని వరండాలో కూర్చున్నారు. నేనొక్కణ్నే కంప్యూటర్ ముందున్నాను. మా ఊరి వరుస తెరిచాను. కర్సర్ ఆ అంకె మీద మినుకుమినుకుమంటోంది. తీసేసి ఇంకో అంకె కొడితే చాలు, రెండు మీటలు. జాబితా మారిపోతుంది. ఎవరూ చూడరు, చూసినా అర్థం కాదు, ఆ ఆఫీసులో ఆ మిషన్ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పక్కన ఉన్న రెండు ఊళ్ల అంకెలూ నాకు కంఠస్థం. వాటిని చూసి ఒక అంకె వేస్తే ఆ కార్డు కంటే నిజానికి ఎంతో దగ్గరగా ఉండేది.

కొట్టలేదు.

భయపడి కాదు. ఉద్యోగం పోతుందని కూడా కాదు, అది ఎలాగూ తాత్కాలికమే. కార్డులో లేనిది కంప్యూటర్‌లోకి ఎక్కించకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. మనుషులు పైరవీలు చేస్తారు, నేను చెయ్యను. చెప్పులు బయట విడిచి వచ్చిన చోట దొంగ అంకె ఎలా కొడతాను? అప్పుడది నీతి అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఉన్న అంకే దొంగ అంకె అని నాకు తెలుసు. తెలిసి దాన్ని కాపాడాను. ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించి, చీటీ అంటించి, కవరులో పెట్టి నా చేత్తోనే ఇచ్చాను.

రెండో సర్వే రెండేళ్లకు వచ్చింది. ఈసారి వేరే మనిషి వచ్చాడు. అమ్మ అతన్ని వాకిట్లో కూర్చోనియ్యలేదట. చెయ్యి పట్టుకుని బోరింగు దగ్గరికి తీసుకుపోయి, తనే కొట్టి సీసా నింపించిందట. పక్కనుంచి అక్క గ్లాసెడు అవే నీళ్లు అతని చేతికిచ్చి, "తాగు సారూ. మేం తాగేటియి గివే," అందట. చుట్టూ ఉన్న ఆడవాళ్లు సిగ్గుతో చచ్చిపోయారని, ఊరి పరువు తీశారని మా ఇంటిమీదికి మాటకొచ్చారని తర్వాత బావ చెప్పాడు. పరువు పోయింది. నల్లా వచ్చింది. ఒక పెద్దమనిషి వచ్చి కొబ్బరికాయ కొట్టి, కొళాయి తిప్పి, ఇదంతా కంప్యూటర్ల పుణ్యమని ఉపన్యాసం ఇచ్చి పోయాడు. నేను ఆ సభకు పోలేదు. పోతే రాయి విసిరేవాణ్నేమో.

మేనకోడలికి అప్పటికి ఏడు నిండాయి. పిల్ల చురుకైనదే, బడిలో దానికంటే ముందు ఎక్కాలు అప్పజెప్పేవాళ్లు లేరు. నడవాలంటే మాత్రం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఒక్కో కాలినీ తనే జరుపుకుంటున్నట్టు నడుస్తుంది. మళ్లీ అదే డాక్టరు దగ్గరికి తెచ్చాం. ఆయన ఫోటోలను కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. "నీళ్లు మారినయా?" అన్నాడు. మారినయ్ అంది అక్క. "మంచిదమ్మా," అన్నాడు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల వైపు చూడలేదు.

అక్క మందుల కోసం వరుసలో నిలబడితే, పిల్ల మొహం చిన్నబోయి ఉందని ఎత్తుకుని బయటికి తెచ్చాను. నల్లగొండలో అప్పుడే ఇంటర్నెట్ దుకాణం తెరిచారు. ఆ ఏడాది పేపర్లనిండా ఒకటే గోల. కంప్యూటర్లలో ఏడాదికి రెండంకెలే రాశారట, రెండు వేలు రాగానే విమానాలు కూలతాయట, బ్యాంకులు మునుగుతాయట. రెండంకెల కోసం దేశదేశాలవాళ్లు రాత్రింబవళ్లు కూర్చుని దిద్దుతున్నారని చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పనికొచ్చేవాళ్ల ప్రాణాల మీదికొస్తే అంకెలు ఎంత త్వరగా దిద్దుతారో చూడండి.

దుకాణంలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఫోను లైను కీచుమని, గురగురమని, చివరికి నెట్ కుదిరింది. పేజీ పైనుంచి కిందికి గీతలుగీతలుగా దిగుతుంటే అది కళ్లార్పకుండా చూసింది. ఇందుల ప్రపంచమంతా ఉంటది బిడ్డా, ఏదడిగితే అది చూపిస్తది అన్నాను. పాత పిచ్చి ఎక్కడికి పోతుంది? గొంతులో నాకే తెలియకుండా ఆ గర్వం వచ్చేసింది.

"మన ఊరు ఉంటదా మామా?"

ఉండదని చెప్పబోయి, జిల్లా ఊళ్ల నీళ్ల జాబితాలు నెట్‌లో పెట్టారని ఎవరో అన్న మాట గుర్తొచ్చింది. వెతికాను. చాలాసేపటికి దొరికింది. ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషులో, వరుసగా, నేను ఎక్కించిన క్రమంలోనే ఉన్నాయి. నేను పంపిన ఫ్లాపీలోది ఉన్నదున్నట్టు పెట్టేశారు. రెండో సర్వే సంగతి ఆ పేజీకి తెలియదు. మా ఊరి పేరు ఉంది. ఎదురుగా అదే అంకె. దాని పక్కన, తాగడానికి పనికొస్తాయి అని ఉంది.

"గిదేనా మన ఊరు?" పిల్ల వేలు తెరమీద పెట్టింది. "పక్కన ఏం రాసిండ్రు?"

"మన ఊరి నీళ్లు మంచియని రాసిండ్రు."

అది వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది, నేను పరాచికాలాడుతున్నాననుకుని. "లేదు లేదు. మన బోరింగు నీళ్లు మంచియి గావని డాక్టర్‌సారు జెప్పలే? అబద్దం రాసిండ్రు. ఎవరు మామా రాసింది?"

అక్కకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మూడేళ్లుగా లోకాన్నంతా తిట్టుకుంటూ తిరిగాను.

"నేనే బిడ్డా," అన్నాను.

పిల్ల కోప్పడలేదు. పలక మీద తప్పు పడితే ఏం చెయ్యాలో దానికి తెలుసు.

"మరి తుడిపెయ్యరాదు మామా," అంది.